అసలు లేని నకలు

"మళ్ళీ చెప్పమ్మా. పది నుంచి పావుతక్కువ పదకొండు దాకా నువ్వెక్కడున్నావు?"

"ఇంట్లోనేనండి. మామయ్య దుప్పట్లు ఉతికి ఆరేస్తున్నాను. ఎన్నిసార్లు చెప్పమంటారు?"

"ఎవరైనా చూశారా?"

"దుప్పట్లు ఆరేస్తుంటే చూడ్డానికి ఎవరొస్తారండీ?"

ఆమెకు విసుగొచ్చింది. నాకు అంతకు రెట్టింపు వచ్చింది. పోలీస్ స్టేషన్ గోడ గడియారం ఎనిమిదీ నలభై చూపిస్తోంది. తొమ్మిదిన్నరకల్లా నేను క్లాసులో ఉండాలి. సాయంత్రం నాలుగింటికి ఈమెను మేజిస్ట్రేట్ ముందు నిలబెడతారు. భర్త పోయాక ఇంట్లో కుట్టుమిషన్ పెట్టుకుని, నాలుగేళ్ళుగా మామగారికి అన్నీ తానై చూసుకున్న మనిషి. నాలుగింటిలోగా నేనేదో ఒకటి తేల్చకపోతే అదే మామగారిని చంపిన నేరానికి జైలుకు పోతుంది.

నేను దస్తూరీ నిపుణుణ్ణి. సంతకాలు చూసి ఏది అసలో, ఏది దొంగదో కోర్టుకు చెప్పడం నా పని. ఈమె తరఫు వకీలు నన్ను పెట్టుకున్నాడు.

జరిగింది ఇది. మామగారు స్కూల్లో హెడ్ క్లర్కుగా చేసి రిటైరయ్యాడు. పక్షవాతంతో ఆస్పత్రిలో చేరాడు. మాట పోయింది, కుడిచెయ్యి పడిపోయింది. రెండో వారానికి కాస్త తేరుకున్నాడు. పోయిన శుక్రవారం పొద్దున పదీ యాభైకి నర్సు ఆయన ఫైలు తెరిస్తే లోపల ఒక కాగితం ఉంది. ‘వైద్యం ఇక వద్దు, నా ఇష్టప్రకారం ఇంటికి వెళ్ళిపోతున్నాను’ అని టైపు చేసి, కింద ఆయన పేరు, పేరు మీద సంతకం. పది నుంచి పావుతక్కువ పదకొండు వరకు రోగుల్ని చూడవచ్చేవాళ్ళ సమయం. ఎవరొచ్చారో ఎవరు పోయారో రాసుకునే పద్ధతి ఆ వార్డులో లేదు. నర్సు కోడలికి ఫోన్ చేసి, మీ మామగారు ఇంటికి పోతానని రాసిచ్చారు, వచ్చి తీసుకెళ్ళండి అంది. ముసలాయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడట. ఆస్పత్రి వద్దంటున్నాడని నర్సు అనుకుంది. పన్నెండుంపావుకు ఇంటికి చేర్చారు. నాలుగూ పదికి ప్రాణం పోయింది.

చెయ్యి పడిపోయినవాడు సంతకం ఎలా పెట్టాడన్న అనుమానం మర్నాటికి గానీ ఎవరికీ రాలేదు. వచ్చాక ఆడపడుచు తిన్నగా స్టేషన్‌కు వెళ్ళి, సేవ చెయ్యలేక మా వదినే దొంగ కాగితం పుట్టించి మా నాన్నను వదిలించుకుంది అని ఫిర్యాదు రాసిచ్చింది.

జేబులోంచి ఆ కాగితం ఫోటో తీసి ఆమె ముందు పెట్టాను. "ఇది మీ మామగారి సంతకంలా ఉందా?"

"ఏ కోశానా లేదండి. పెన్షన్ కాగితాల మీద నూరుసార్లు చూశాను. మామయ్య సంతకమంటే రెండక్షరాలు, కింద ఒక గీత. ఇదేంటండీ, జడ అల్లినట్టు ఇన్ని మెలికలు?"

నాలుగు రోజులుగా నా బుర్ర తినేస్తున్నది అదే. భూతద్దం కింద చూస్తే ఆ గీత ఆగి ఆగి నడిచింది. పెద్ద సున్నా మెడ దగ్గర పెన్ను ఎత్తి, మళ్ళీ అక్కడే ఆనించి, అతుకు కనబడకుండా కలిపారు. ఊహించి గీకేవాడు అలా గీకడు. ఎదురుగా ఒక అసలు పెట్టుకుని, దాన్ని చూస్తూ దించిన చెయ్యి అది. ఆ అసలు ఎక్కడుంది? ముసలాయన ఇంట్లో రెండు గోనెసంచుల కాగితాలు తిరగేశాను. ఇలాంటి సంతకం ఒక్కటంటే ఒక్కటి లేదు. నకలుంది, అసలు లేదు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నాకిలాంటి తలనొప్పి రాలేదు.

"మీ మామగారంటే ఎవరికైనా పడదా?"

"ఆయనకు శత్రువులెవరండీ? వచ్చే గురువారం కోర్టువాళ్ళు మంచం దగ్గరికే వచ్చి ఆయన సాక్ష్యం తీసుకుంటామన్నారు. దానికోసం ఎడమచేత్తో పెన్సిల్ పట్టుకోవడం కూడా నేర్చుకుంటూ ఉండేవారు పాపం."

"ఏం సాక్ష్యం?"

"స్కూల్ హెడ్మిస్ట్రెస్ గారి కేసండి. ఆవిడ సంతకం దొంగదని ఎవరో నిపుణుడు రాసిచ్చాడట. కాదు, నా ఎదురుగానే పెట్టిందని మామయ్య..."

"అయిపోయిందా గురువుగారూ ఇంటర్వ్యూ?" అంటూ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఆ నిపుణుడెవరని అడగబోయినవాణ్ణి అడగకుండానే ఆగిపోయాను. ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆరోజు ఐదు గంటలు కలిసొచ్చేవి.

"ఈమె రాసింది కాదని నా రిపోర్టు ఇచ్చేశాను," అన్నాను. "ఈమెది నిదానంగా, విడివిడిగా రాసే చెయ్యి. ఆ సంతకం పెట్టినవాడికి ఈ విద్యలో సాధన ఉంది."

"మీ రిపోర్టు మీ వకీలుకు ముద్దు. ఇవాళ మా నిపుణుడొచ్చి ఈమెతో నమూనాలు రాయిస్తాడు. అప్పుడు తేలుతుంది ఎవరి చెయ్యో."

"ఎవరాయన?"

"మీకెందుకు?"

"ఎవరైనా సరే, ఆ సంతకం ఆమెకు చూపించకూడదు. పేరు నోటితో చెప్పి రాయించాలి. చూపించి రాయిస్తే ఎవరి చెయ్యైనా దానికి అలవాటు పడిపోతుంది."

"నాకు పాఠాలు చెప్పకండి. దానికే కదా ఇద్దరం క్లాసుకు పోతున్నాం."

అదీ నా ఖర్మ. ఇన్‌స్పెక్టర్ కూడా ఈ ఏడాది మా కోర్సులో చేరాడు. మా వృత్తిలో ఏటా ఇరవై గంటల పునశ్చరణ తరగతులకు హాజరైతేనే సర్టిఫికెట్ రెన్యువల్ అవుతుంది. లేకపోతే మా రిపోర్టు చిత్తుకాగితం. నాకింకా ఆరు గంటలు తక్కువ. గడువు ఆవేళే ఆఖరు.

తాతకు దగ్గులు నేర్పినట్టు నన్ను మూడో బెంచీలో కూర్చోబెట్టారు. ఫోన్లు బుట్టలో వేయించారు. ప్రొజెక్టర్ వెలగడానికి పావుగంట పట్టింది. పాఠం చెప్పే మేడమ్‌కు అరవై ఎనిమిదేళ్ళు. నాకు భూతద్దం పట్టుకోవడం నేర్పిందీ ఆవిడే. ఆవిడంటే నాకు గౌరవమే గానీ, కోడలి మొహం కళ్ళముందు ఆడుతుంటే ‘సిరా రకాలు, వాటి గుణాలు’ చెవికెక్కుతాయా?

పదీ యాభైకి ఆవిడ అసలు పాఠంలోకి వచ్చింది. "దొంగ సంతకం పట్టుకోవాలంటే ముందు దొంగ సంతకం పెట్టడం తెలియాలి. నమూనా చూసి తలా నలభై సార్లు రాస్తారు. ఎక్కడ చెయ్యి తడబడుతుందో మీకే తెలుస్తుంది. ఇదిగో, ఉదాహరణకు నిరుడు ఇచ్చిన నమూనా. మీకు వేరేది ఇస్తాను."

తెర మీద సంతకం పడింది. పెద్ద సున్నా, జడలాంటి మెలికలు, వెనక్కి తిరిగే గీత.

నేను లేచిన ఊపుకు బెంచీ కిర్రుమంది. "మేడమ్! ఆ సంతకం ఎవరిది?"

"కూర్చో నాయనా. ప్రశ్నలు చివర్లో."

"మేడమ్, ఒక్క నిమిషం..."

"చివర్లో అన్నానా?"

ముందు బెంచీలో ఇన్‌స్పెక్టర్ కళ్ళు తెరుచుకునే నిద్రపోతున్నాడు. తన కేసు తెర మీద అంతెత్తున వెలుగుతుంటే చూడలేదు. నేను పళ్ళు నూరుకుంటూ కూర్చున్నాను.

పదకొండూ ఐదుకు టీ విరామం ఇచ్చారు. ఆవిడ స్టాఫ్ రూములోకి అడుగుపెట్టేసరికి నేనూ వెనకే ఉన్నాను.

"నిరుడు నమూనా ఇచ్చిన పెద్దమనిషిదయ్యా," అంది మేడమ్. "హెడ్ క్లర్కు చేసి రిటైరయ్యాడు. మా అక్కతో కలిసి పనిచేశాడు. అయినా నన్నడుగుతావేం? నిరుడు ఆ క్లాసులో నువ్వున్నావుగా?"

తేలు కుట్టిన దొంగ పరిస్థితి నాది. నిరుడు ఆ క్లాసులో నేను లేను. నాకు పాఠం చెప్పేదెవరన్న పొగరుతో మూడేళ్ళుగా సగం క్లాసులు ఎగ్గొడుతున్నాను. ఆరోజు మ్యాట్నీకి వెళ్ళాను. సినిమా కూడా బాగోలేదు. హాజరుపట్టీలో మాత్రం నా పేరెదురుగా సంతకం పడిపోయింది.

"మర్చిపోయానండి," అన్నాను.

"నలభై సార్లు రాసిన సంతకం మర్చిపోయావా? బాగుంది వరస."

"ఆయన పోయారు మేడమ్. పోయిన శుక్రవారం."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. కుర్చీ వెతుక్కుని కూర్చుంది. చూసి రావాలని అనుకుంటూనే ఉన్నానని రెండుసార్లు అంది. నేను కాగితం సంగతి, కోడలి సంగతి చెప్పాను.

"ఇంట్లో రెండు సంచుల కాగితాలు వెతికాను మేడమ్. ఈ సంతకం ఎక్కడా లేదు."

"ఎందుకుంటుంది? అది ఆయన సంతకం కాదు."

"మరి?"

"ఒక మనిషి అసలు సంతకాన్ని పద్నాలుగు మంది చేత దొంగతనంగా పెట్టిస్తానా? నాకేమన్నా పిచ్చా? క్లాసు కోసం కొత్తగా ఒకటి కల్పించమన్నాను. వారం రోజులు సాధన చేసి, చెయ్యి అలవాటయ్యాక వచ్చాడు. సాధన కాగితాలు కూడా నాకే తెచ్చిచ్చాడు. అంత పద్ధతైన మనిషి."

నాలుగు రోజుల ముడి ఒక్క లాగుకు ఊడింది. అసలు ఇంట్లో ఎందుకు దొరుకుతుంది? అది పుట్టిందీ పెరిగిందీ ఈ క్లాసులో. ఆస్పత్రి కాగితం మీద సంతకం పెట్టినవాడు ముసలాయన్ను క్లాసు నమూనాలోనే ఎరుగును. అదే ఆయన నిజం సంతకమనుకున్నాడు.

"కల్పించిన సంతకమని క్లాసులో అందరికీ తెలుసా?"

"నిరుడు తొమ్మిదిన్నరకు నా మొదటి మాట అదే. ఒక్కసారే చెప్పాను. పదే పదే చెబితే మీకు శ్రద్ధ ఉండదు. మధ్యాహ్నం ఆయన్ని ముందు కూర్చోబెట్టి, పేరు చెప్పి, అందరిచేతా చప్పట్లు కొట్టించి, అప్పుడు రాయించాను."

అంటే పొద్దున ఉన్నవాడు ఈ తప్పు చెయ్యడు. పొద్దున రాకుండా మధ్యాహ్నం వచ్చినవాడికే ఆయన పేరు తెలుసు, సంతకం తెలుసు, అది ఉత్తుత్తిదని తెలియదు.

"నిరుటి హాజరుపట్టీ, రాసిన కాగితాలు కావాలి మేడమ్. ఇప్పుడే."

"బీరువాలో ఉన్నాయి. తాళాలు గుమస్తా దగ్గరున్నాయి. అతను ఒంటిగంటకు గానీ రాడు."

"తాళం పగలగొడదాం."

"నీ బుర్ర పగలగొడతాను. పద క్లాసుకి."

పదకొండుంపావు నుంచి ఒంటిగంట దాకా నేనేం చేశానంటే, ఈ ఏడాది నమూనా చూస్తూ నలభై దొంగ సంతకాలు పెట్టాను. ఒక్కటీ కుదరలేదు. పక్కనున్న బ్యాంకు ఉద్యోగి నా కాగితం చూసి జాలిపడ్డాడు.

ఒంటిగంటా ఐదుకు గుమస్తా వచ్చాడు. స్టాఫ్ రూము మూలనున్న ఇనప బీరువా తెరిచి, అన్నానికి పోయాడు. మేడమ్ కింది అరలోంచి రిజిస్టరు, దారం కట్టిన కాగితాల కట్ట తీసి బల్ల మీద పడేసింది.

ముందు రిజిస్టరు చూశాను. పద్నాలుగు పేర్లు, ఒక్కో పేరుకు రెండు గళ్ళు, ఉదయం, మధ్యాహ్నం. రిజిస్టరు ఉంచే గుమ్మం బల్లకు దారంతో ఒక నీలం బాల్ పెన్ను కట్టి ఉంటుంది. నిపుణులైనా పెన్నులు పట్టుకుపోవడంలో అందరిలాంటివాళ్ళే. పన్నెండు వరుసల్లో రెండు గళ్ళూ ఆ నీలం పెన్నుతోనే ఉన్నాయి. పది, పదకొండు వరుసల్లో మాత్రం నాలుగు సంతకాలూ నల్ల జెల్ పెన్నువి.

"భోజనాలయ్యాక రిజిస్టరు లోపలికి తెచ్చేస్తాను," అంది మేడమ్. "ఆలస్యంగా వచ్చినవాళ్ళు నా బల్ల దగ్గరికొచ్చి, సొంత పెన్నుతో మధ్యాహ్నం గడిలో పెట్టాలి."

"మరి ఉదయం గడి?"

నేను పేజీని వెలుగుకు వాల్చాను. ఎదురు పేజీ మీద నల్లటి మరకలు నాలుగున్నాయి. సంతకాలు తడారకముందే రిజిస్టరు మూసేస్తే అవతలి పేజీకి అంటుకున్న మరకలు. నాలుగూ ఒకే వాలులో, ఒకే మందంతో ఉన్నాయి. ఉదయం గడుల్లోవి నిజంగా ఉదయమే పెట్టి ఉంటే మధ్యాహ్నానికి ఎండిపోయి ఉండేవి. ఒకే మనిషి మధ్యాహ్నం వచ్చి, ఒకే ఊపులో నాలుగూ పెట్టి, టపీమని మూసేసి వెళ్ళాడు. దస్తూరీ నిపుణుల హాజరుపట్టీలో దొంగ సంతకాలు ఎవడు వెతుకుతాడు?

పదకొండో వరుస నాది. పదో వరుస మా బావమరిదిది.

మా ఆవిడ తమ్ముడు. చదువు అబ్బక తిరుగుతుంటే, వాడికో దారి చూపించండని ఆవిడ పోరు పెడితే నేనే దగ్గర పెట్టుకుని పని నేర్పాను. రెండేళ్ళ క్రితం వేరు కుంపటి పెట్టుకున్నాడు. "నువ్వు క్లాసులకు తిరగడమేంటి బావా, నేనున్నాగా" అనేవాడు. ముద్దుగా ఉండేది వినడానికి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేనైతే ఆ దొంగకు నా సంతకమే ఇచ్చి పంపాను.

కట్ట విప్పాను. ఎవరి వరుస నంబరు వారి కాగితం మీద ఉంది. పదో నంబరు లేదు.

"ఇంట్లో పూర్తిచేసి తెస్తానని పట్టుకెళ్ళాడు. తేలేదు," అంది మేడమ్.

పదకొండో నంబరు ఉంది. పైన నా పేరు. నలభై సంతకాలు. మొదటివి వంకరటింకర. పాతికో దానికి చెయ్యి కుదురుకుంది. చివరి ఐదూ భూతద్దం కింద పెట్టాను. పెద్ద సున్నా మెడ దగ్గర పెన్ను ఎత్తి, మళ్ళీ అక్కడే ఆనించి, అతుకు కనబడకుండా కలిపాడు. ఆస్పత్రి కాగితం మీద అతుకు అదే.

కోడల్ని బయటపడేసే కాగితం నా చేతిలో ఉంది. దాని నెత్తిన నా పేరుంది. వాడి పేరున్న కాగితం లేదు.

మేడమ్ అటు తిరిగి కిటికీ తలుపు వేస్తోంది. మడిచి జేబులో పెట్టుకోవడానికి రెండు క్షణాలు చాలు. పెట్టుకుంటే నా సర్టిఫికెట్ నిలుస్తుంది, నా ఇల్లు నిలుస్తుంది. ఆమె జైలుకు పోతుంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, కాగితం సగానికి మడిచాను.

"అన్నం మానేసి బీరువాలో ఏం వెతుకుతున్నారు గురువుగారూ?"

ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో ఉన్నాడు. నేను నోరు తెరిచేలోపే కాగితం లాక్కున్నాడు. విప్పి చూశాడు. బుట్టలోంచి తెచ్చుకున్న తన ఫోన్లో ఆస్పత్రి కాగితం ఫోటో తెరిచి పక్కన పెట్టాడు. పొద్దున కళ్ళు తెరిచి నిద్రపోయినవాడు ఇప్పుడు రెప్ప కొట్టలేదు.

"ఇదెక్కడిది?"

మేడమ్ ఉన్నదున్నట్టు చెప్పింది. కల్పించిన సంతకం, నలభై సార్లు రాయడం, నంబర్లు. ఆవిడ అబద్ధం ఆడదు, ఆడమని నేను అడగలేదు.

"పదకొండో నంబరు ఎవరిది?" రిజిస్టరు తనవైపు తిప్పుకున్నాడు. పేరు చదివి నా మొహంలోకి చూశాడు. "అబ్బో! సాధన ఉన్న చెయ్యి అని ఊరికే రాయలేదన్నమాట రిపోర్టులో. మీకు బాగా తెలిసిన చెయ్యే!"

"అది నేను రాసింది కాదు."

"మీ పేరుంది. రిజిస్టరులో మీ సంతకముంది. రెండు పూటలా క్లాసులో ఉన్నారు. ఆస్పత్రి వేళల్లో శుక్రవారం పొద్దున మీరెక్కడున్నారో చెబుతారా? దుప్పట్లు ఆరేస్తున్నారా?"

"ఇన్‌స్పెక్టర్ గారూ, కాస్త వినండి..."

"పొద్దుట్నుంచీ మీరు చెబితే నేను వినడమే సరిపోయింది! ఇప్పుడు నేను అడుగుతాను, మీరు చెప్పండి. ఇది మీరు రాయకపోతే ఎవరు రాశారు?"

ఒకటీ ఇరవై ఐదు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏంటో ఆ నిమిషంలో తెలిసొచ్చింది. మేడమ్ నావైపే చూస్తోంది. ఆవిడ ముందు అబద్ధం పొద్దున ఒకటి ఆడేశాను, రెండోది నోటికి రాలేదు.

"నిరుడు ఆ క్లాసుకు నేను రాలేదు," అన్నాను. "సినిమాకు వెళ్ళాను. రిజిస్టరులో ఉన్నది నా సంతకం కాదు. ఆ కాగితం నేను రాయలేదు. మూడేళ్ళుగా నా బదులు వేరేవాళ్ళు సంతకం పెడుతున్నారు. పెట్టమన్నది నేనే."

మేడమ్ రిజిస్టరులో నా వరుస కేసి చూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

"ఇదిగో, తెల్లకాగితం ఇవ్వండి. ఇప్పుడే, మీ కళ్ళెదురుగా నలభై సార్లు రాస్తాను. ఈ చేతికి ఆ అతుకు రాదు. పొద్దున రాసిన కాగితం కూడా క్లాసులో ఉంది, చూసుకోండి. ఈ మరకలు చూడండి. నాలుగూ ఒక్కసారే పడ్డాయి." పేజీ వాల్చి చూపించాను.

ఇన్‌స్పెక్టర్ మరకలు చూశాడు. తరువాత మెల్లగా నవ్వాడు. ఆ నవ్వులో గెలుపు లేదు.

"మీరొకటి మర్చిపోతున్నారు. క్లాసులకు రాకుండా తెచ్చుకున్న సర్టిఫికెట్ చెల్లదు. సర్టిఫికెట్ చెల్లనివాడి రిపోర్టూ చెల్లదు. ఆమె రాయలేదని చెప్పిన ఒకే ఒక్క రిపోర్టు మీది. మీరిప్పుడు నిజం చెప్పి దాన్ని చించేశారు. ఇక నాలుగింటికి మేజిస్ట్రేట్ ముందుండేది మా నిపుణుడి మాటొక్కటే."

ఆమెను కాపాడదామని నోరు విప్పి, ఆమెకున్న ఒక్క ఆధారాన్నీ నా చేతులతో నేనే తీసేశాను.

"ఆ సంతకం కల్పించిందని చెప్పడానికి సర్టిఫికెట్ అక్కర్లేదు," అంది మేడమ్. "నేనొస్తాను కోర్టుకి. సాధన కాగితాలు నా దగ్గరున్నాయి. ఆ అమ్మాయి ఈ క్లాసు గుమ్మం తొక్కలేదు. తొక్కినవాళ్ళు పద్నాలుగు మంది. నువ్వు ముందు ఆ పేరు చెప్పు."

మా ఆవిడ గుర్తొచ్చింది. తమ్ముడికి దారి చూపించండని అడిగిన రోజు మొహం గుర్తొచ్చింది. ఇంటికెళ్ళి ఆవిడకేం చెప్పాలి? పదో వరుస మీద వేలు పెట్టాను.

"మా బావమరిది. నాకు సంతకం పెట్టేది వాడే."

ఇన్‌స్పెక్టర్ వంగి పేరు చదివాడు. "ఈయనా?"

"తెలుసా మీకు?"

"హెడ్మిస్ట్రెస్ కేసు మా స్టేషన్‌దే. ఆవిడ సంతకం దొంగదని రిపోర్టిచ్చింది ఈయనే." గురువారం ముసలాయన సాక్ష్యం అతనికీ అప్పుడే గుర్తొచ్చినట్టుంది. ముసలాయన ఎడమచేత్తో నాలుగు ముక్కలు రాసి ఉంటే ఆ రిపోర్టూ, దాంతోపాటు మా వాడి పరువూ, సర్టిఫికెట్టూ నేలకూలేవి. "ఇవాళ ఆమెతో నమూనాలు రాయించడానికి నేను పిలిచింది కూడా ఈయన్నే."

దొంగ చేతికే తాళాలిచ్చాడు. ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు. ఏడాది కిందట నేను చేసిందీ అదే.

"ఫోన్ చెయ్యండి," అన్నాను.

అతను అప్పటికే చేస్తున్నాడు. స్పీకర్ నొక్కి బల్ల మీద పెట్టాడు. స్టేషన్లో మహిళా కానిస్టేబుల్ ఎత్తింది.

"నిపుణుడు గారొచ్చారా?"

"పదకొండింటికే వచ్చారు సార్. ఆమెతో రాయించారు."

"ఏం రాయించాడు? పేరు చెప్పి రాయించాడా?"

"లేదు సార్. ఆ సంతకం కాగితం ఎదురుగా పెట్టి, దగ్గర కూర్చుని మరీ నేర్పించారు. పాపం మొదట అసలు కుదర్లేదు సార్. ఏడ్చింది కూడా. ఇది సరిగ్గా రాస్తే ఇంటికి పోవచ్చమ్మా అన్నారు ఆయన. దాంతో పట్టుదలగా రాసింది. చివరివి అచ్చు గుద్దినట్టు వచ్చాయి సార్, చూస్తే మీరే ఆశ్చర్యపోతారు."

"ఆ కాగితాలెక్కడ?" ఇన్‌స్పెక్టర్ గొంతు పెంచాడు.

"ముందువన్నీ చించి స్టవ్ మీద కాల్చేశారు సార్. చివరి పదీ కవర్లో పెట్టి, ఆమెతో నా ఇష్టప్రకారం రాశానని రాయించుకుని సీలేశారు. మేజిస్ట్రేట్ గారికి తానే ఇస్తానని ఇందాకే బయల్దేరారు. ఆమె ఇక్కడే ఉంది సార్, సంచీ సర్దుకుని కూర్చుంది. ఇంటికి ఎప్పుడు పంపిస్తారని అడుగుతోంది. ఏం చెప్పమంటారు?"